కెమెరా వెనక మనిషి ఫొటోలోకి ఎట్ల వచ్చిండు? ఇంట్లో చేసుకునే రిమోట్ వెనక ఉన్న పెద్ద కథ

చౌటుప్పల్ నుంచి మాట్లాడుతున్నా. ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకు ఒక చిన్న పని చెప్తా. ఇంట్లో టీవీ రిమోట్ ఉంటే చేతిలోకి తీసుకోండి. ఫోన్‌లో కెమెరా ఆన్ చేయండి, సెల్ఫీ కెమెరా అయితే ఇంకా మంచిది. రూమ్‌లో లైట్ కొంచెం తగ్గించండి. రిమోట్ ముందు భాగంలో చిన్న బల్బు లాంటిది ఉంటది కదా, దాన్ని ఫోన్ కెమెరా వైపు పెట్టి ఏదో ఒక బటన్ నొక్కండి. మామూలు కంటికి ఏమీ కనబడదు. కానీ ఫోన్ స్క్రీన్ మీద ఆ బల్బు ఊదా రంగులోనో, తెల్లగానో మిణుకు మిణుకుమంటది.

చేసిన్రా? కనబడిందా? కనబడకపోతే వెనక కెమెరా వదిలేసి ముందు కెమెరాతో ట్రై చేయండి. కొన్ని ఫోన్లలో ఆ వెలుగును ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటది.

ఆ మిణుకు పేరు ఇన్‌ఫ్రారెడ్, మన తెలుగులో పరారుణ కిరణం. ఈ రోజు కథ అంతా ఆ మిణుకు గురించే. డిజిటల్ కెమెరాకు ఇంట్లోనే వైర్ లేని రిమోట్ ఎట్ల చేసుకోవచ్చో చెప్తా. అయితే ఇది ఉత్త డీఐవై వీడియో కాదు. అసలు ఈ రిమోట్ ఎందుకు పుట్టింది, ఎవరి కోసం పుట్టింది, దాని చరిత్ర ఏంది అనేది నాకు ముఖ్యం. ఎందుకంటే ఆ చరిత్ర తెలిస్తే, చేతిలో ఉన్న ఫోన్‌ను కూడా మీరు ఇంకో రకంగా చూస్తరు.

మొదటి ప్రశ్న. కెమెరా బటన్‌ను దూరం నుంచి నొక్కాల్సిన అవసరం ఏంది?

రెండు కారణాలు. ఒకటి, వేలితో బటన్ నొక్కితే కెమెరా కొంచెం కదులుతది. రాత్రిపూట చుక్కల ఫొటో తీస్తున్నరనుకోండి, షట్టర్ 20 సెకన్లు, 30 సెకన్లు తెరిచి ఉండాలి. ఆ టైంలో సన్నని అదురు వచ్చినా చుక్క చుక్కలాగ ఉండదు, పురుగు పాకినట్టు గీత పడతది. రెండో కారణం ఇంకా పాతది, ఇంకా మనిషికి దగ్గరది. ఫొటో తీసేటోడు ఫొటోలో ఉండడు. ఆయన కూడా ఫొటోలో ఉండాలంటే బటన్ దగ్గర నుంచి ఆయన చేతికి విడుదల కావాలి.

ఇది ఫొటోగ్రఫీ పుట్టిన ఏడాదే మొదలైన సమస్య. 1839లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ అనే యువకుడు, వాళ్ల కుటుంబానికి ఉన్న దీపాల దుకాణం బయట కెమెరా పెట్టిండు. లెన్స్ మూత తీసిండు, ముందుకొచ్చి కదలకుండా నిలబడ్డడు, ఫొటో పడేదాకా ఓపిక పట్టిండు. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. చెదిరిన జుట్టు, ఫ్రేమ్ మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిగిన మనిషి. చూస్తే మన కాలం పిలగాడు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినట్టే ఉంటది. ఆ రోజుల్లో ఒక్క ఫొటోకు చాలాసేపు వెలుగు పడాలి కాబట్టి ఆయనకు పరుగెత్తే టైం దొరికింది. ఆ నిదానమే ఆయనకు రిమోట్‌గా పనిచేసింది.

తర్వాత ఫొటో ప్లేట్లు మెరుగైనయ్. సెకనులో చిన్న భాగం చాలు, ఫొటో పడుతది. అప్పుడు పరుగెత్తడం కుదరదు. అందుకని వైర్ వచ్చింది. మన దేశంలో త్రిపుర మహారాజు బీర్ చంద్ర మాణిక్య ఫొటోగ్రఫీ అంటే పిచ్చి ఉన్న మనిషి. 1880 ప్రాంతంలో ఆయన, రాణి మనమోహినీ దేవి కలిసి దిగిన ఫొటో ఒకటి ఉంది. మన దేశంలో మొదటి సెల్ఫీ అని చాలామంది దాన్నే చూపిస్తరు. కెమెరా షట్టర్‌కు కట్టిన పొడుగు వైర్ సాయంతో ఆయనే ఆ ఫొటో తీసిండని చెప్తరు. రాజు గారికి ఫొటోగ్రాఫర్లు దొరకరా? దొరుకుతరు. కానీ రాణితో దగ్గరగా కూర్చున్న ఫొటో అది. ఆ గదిలో మూడో మనిషి లేకుండా చేసింది ఆ వైరే.

ఈ మూడో మనిషి అనే మాట పట్టుకుని మన హైదరాబాద్‌కు వద్దాం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టిండు, రూర్కీలో ఇంజినీరింగ్ చదివిండు, తర్వాత కెమెరా పట్టుకున్నడు. నిజాం వేటలు, మహళ్లు, దర్బార్లు, అన్నీ తీసిండు. కానీ ఒక చోట ఆయన కెమెరా ఆగిపోయింది. పరదా పాటించే ఆడవాళ్లు పరాయి మగవాడి ముందు కూర్చుని ఫొటో దిగరు. అందుకని 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే ఒక జనానా స్టూడియో తెరిచిండు. దాన్ని చూసుకునే బాధ్యత మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆమెకు అప్పజెప్పిండు. కెమెరా వెనక ఆడమనిషి నిలబడ్డది కాబట్టే, అప్పటిదాకా ఫొటోకు దూరంగా ఉన్నవాళ్లు ముందుకొచ్చి కూర్చున్నరు.

ఒక్కసారి ఆలోచించండి. కెమెరా వెనక ఎవరున్నరు అనేదాన్ని బట్టి కెమెరా ముందు ఎవరుంటరో తేలుతది. అక్కడ ఎవరూ లేకుంటే? అప్పుడు అందరూ ముందుకు రావచ్చు.

వైరే కాదు, రబ్బరు బంతి కూడా వాడిన్రు. పాత సినిమాల్లో చూసుంటరు, ఫొటోగ్రాఫర్ చేతిలో చిన్న రబ్బరు బంతి, దానికి సన్నని ట్యూబ్. బంతి పిసికితే గాలి ట్యూబ్‌లోంచి పోయి షట్టర్‌ను తన్నేది. మన ఊరి బస్సు హారన్ లెక్కనే. తర్వాత గడియారం స్ప్రింగ్‌తో నడిచే సెల్ఫ్ టైమర్ వచ్చింది. బర్రుమని శబ్దం చేసుకుంటా పది సెకన్లు లెక్కబెట్టి టక్కున కొట్టేది. ఆ పది సెకన్లలో ఉరుకొచ్చి నిలబడిన పెద్దనాన్నలు, చెప్పు జారిపోయిన మామలు మన పాత ఆల్బమ్‌లలో కనబడుతరు.

ఇగ వైర్ తెగిన కథకు వద్దాం.

1895లో కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ టౌన్ హాల్‌లో ఒక ప్రయోగం చూపించిండు. కంటికి కనబడని విద్యుదయస్కాంత తరంగాలను ఒక చోట నుంచి పంపి, మధ్యలో గోడలున్నా, దూరంలో ఉన్న గంటను మోగించిండు, తుపాకి మందును పేల్చిండు. బటన్ ఇక్కడ, పని అక్కడ, మధ్యలో వైర్ లేదు. మూడేండ్లకు, 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా నీళ్ల తొట్టిలో ఒక చిన్న పడవను వైర్ లేకుండా తిప్పి చూపించిండు. చూసిన జనం నమ్మలేదు. లోపల కోతి ఉందనో, మంత్రమనో అనుకున్నరని చెప్తరు.

కానీ మామూలు ఇంట్లోకి రిమోట్ రావడానికి ఇంకో యాభై ఏండ్లు పట్టింది. అమెరికాలో జెనిత్ అనే టీవీ కంపెనీ 1950లో లేజీ బోన్స్ అని ఒక రిమోట్ తెచ్చింది. దానికి వైర్ ఉండేది, కాళ్లకు తట్టుకునేది. 1955లో అదే కంపెనీలో యూజీన్ పాలీ అనే ఇంజినీరు వైర్ తీసేసిండు. ఆయన చేసింది ఒక టార్చి లైట్ లాంటిది. టీవీ నాలుగు మూలలా వెలుగును పట్టే సెన్సర్లు. ఏ మూల మీద లైట్ కొడితే ఆ పని జరుగుతది. మస్తు ఐడియా. ఒకటే సమస్య. కిటికీలోంచి ఎండ పడితే టీవీ తనంతట తానే ఛానల్ మార్చేది! మరుసటి ఏడాది, 1956లో, అక్కడే పనిచేసే రాబర్ట్ అడ్లర్ వెలుగును పక్కన పెట్టి శబ్దం పట్టుకున్నడు. రిమోట్‌లో చిన్న అల్యూమినియం కడ్డీలు, బటన్ నొక్కితే చిన్న సుత్తి పోయి కడ్డీని కొడుతది. మన చెవికి వినబడని శబ్దం వస్తది, టీవీకి వినబడుతది. దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు.

మన దగ్గరేమో 1982లో కలర్ టీవీ వచ్చింది. అయినా చాలా ఇండ్లల్లో అప్పటికి రిమోట్ అంటే ఇంట్లో అందరికన్నా చిన్నోడే. లేచి పోయి నాబ్ తిప్పి రావాలి.

ఆ తర్వాత రిమోట్ మళ్లీ వెలుగు దగ్గరికే వచ్చింది. కానీ ఈసారి కనబడని వెలుగు, ఇన్‌ఫ్రారెడ్. మరి ఎండ సమస్య? ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటది. ఇక్కడే అసలు తెలివి ఉంది, జాగ్రత్తగా వినండి, ఎందుకంటే రేపు మీరు రిమోట్ చేసుకోవాలంటే తెలియాల్సింది ఇదొక్కటే.

ఎండ ఎట్ల ఉంటది? నిలకడగా ఉంటది. రిమోట్ వెలుగు అట్ల కాదు. అది సెకనుకు సుమారు 38,000 సార్లు వెలిగి ఆరుతది. దీన్నే 38 కిలోహెర్ట్జ్ అంటరు. అవతల ఉండే రిసీవర్‌కు ఒకటే పని. ఆ వేగంతో మిణుకుమనే వెలుగునే లెక్కలోకి తీసుకోవాలి, మిగతాదంతా వదిలేయాలి. జాతరలో వందమంది మాట్లాడుతుంటే మన అమ్మ గొంతు మాత్రం మనకు వినబడ్డట్టు.

ఇగ ఆ మిణుకులను గుంపులుగా పంపుతరు. కొంచెంసేపు మిణుకు, కొంచెంసేపు చీకటి, మళ్లీ మిణుకు. ఆ గుంపుల పొడవు, మధ్యలో ఖాళీల పొడవు, అదే కోడ్.

మా చౌటుప్పల్ దిక్కు వాళ్లకు దీన్ని అర్థం చేయించడం చాలా అలక. మా మండలంలో కొయ్యలగూడెం ఉంది, పక్కన పుట్టపాక ఉంది, అటు పోచంపల్లి ఉంది. ఇక్కడ ఇక్కత్ ఎట్ల నేస్తరు? బట్ట నేసినాక డిజైన్ అద్దరు. నేయకముందే నూలును లెక్క ప్రకారం అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుతరు. కట్టిన చోట రంగు పట్టదు, కట్టని చోట పడుతది. దీన్నే చిటికి కట్టడం అంటరు. ఆ పోగును విడిగా చూస్తే ఏముంటది? కొంచెం రంగు, కొంచెం తెలుపు, మళ్లీ రంగు. డిజైన్ అంతా ఆ పొడవుల్లోనే దాగి ఉంటది. మగ్గం మీదికి ఎక్కినంక పువ్వు బయటపడుతది. రిమోట్ కోడ్ కూడా గంతే. పోగుకు బదులు టైం, రంగుకు బదులు మిణుకు.

ఇప్పుడు డిజిటల్ కెమెరాకు వద్దాం. 2004లో నికాన్ డీ70 అనే కెమెరా వచ్చింది. దానికి ఎంఎల్-ఎల్3 అనే బొటనవేలంత రిమోట్ పనిచేసేది. మీద ఉన్నది ఒక్కటే బటన్. కానన్‌కు ఆర్‌సీ-1 అని ఇంకోటి ఉండేది. ప్రపంచంలో చాలామంది ఔత్సాహికులు ఈ రిమోట్ల ముందు ఒక సెన్సర్ పెట్టి, ఓసిల్లోస్కోప్‌లో చూసి, ఆ మిణుకుల పొడవులను కొలిచిన్రు. కొలిచినవి దాచుకోకుండా అందరికీ చెప్పిన్రు.

నికాన్ కోడ్ ఇట్ల ఉంటది. ముందు సుమారు 2 మిల్లీసెకన్ల మిణుకు. తర్వాత దాదాపు 28 మిల్లీసెకన్ల చీకటి. మళ్లీ 0.4 మిల్లీసెకన్ల మిణుకు, 1.6 చీకటి, 0.4 మిణుకు, 3.6 చీకటి, చివరికి ఇంకో 0.4 మిణుకు. అయిపోయింది. కొద్దిగా ఆగి, దాదాపు 63 మిల్లీసెకన్ల తర్వాత, ఇదే వరుసను ఇంకోసారి పంపుతది. గంతే! కానన్ ఆర్‌సీ-1 అయితే ఇంకా సింపుల్. సుమారు 33 కిలోహెర్ట్జ్ వేగంతో 16 మిణుకులు, 7.3 మిల్లీసెకన్ల ఖాళీ, మళ్లీ 16 మిణుకులు. ఆ ఖాళీని 5.4 మిల్లీసెకన్లకు తగ్గిస్తే కెమెరా వెంటనే కొట్టదు, రెండు సెకన్లు ఆగి కొడుతది. ఖాళీకి కూడా అర్థం ఉందన్నమాట.

ఇంత చిన్న కోడ్‌ను పంపడానికి ఏం కావాలి? ఒక ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ, ఒక రెసిస్టర్, ఒక బటన్, లెక్క ప్రకారం వెలిగించి ఆర్పడానికి ఒక చిన్న మైక్రోకంట్రోలర్. 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే ఊళ్లో ఆర్డుయినో బోర్డు పుట్టింది. ఇంజినీరింగ్ చదవని విద్యార్థులు కూడా వాడుకునేట్టు ఉండాలని దాన్ని తయారుచేసిన్రు. దాంతో ఈ పని స్కూల్ పిల్లల చేతికి కూడా అందింది.

ఇప్పుడు నేను చేసిన పద్ధతి చెప్తా. ముందు ఎందుకు చేసిన్నో చెప్పాలి.

మా బాబాయి ఫొటోగ్రాఫర్. ఫిల్మ్ రోజుల నుంచి ఈ హైవే పొంటి ఉన్న ఊర్లల్లో పెండ్లిళ్లు, పుట్టుపంక్తులు, చీర కట్టించే ఫంక్షన్లు, అన్నీ తీసిండు. ఎవరింటికి పోయినా ఆల్బమ్ తెరిస్తే ఆయన పనే. మా ఇంట్లో ఆల్బమ్‌లు కూడా ఆయనవే. కాబట్టి మా ఇంట్లో ఏ ఆల్బమ్‌లోనూ ఆయన లేడు. వాళ్ల బిడ్డ పెండ్లికి ఇంకో ఫొటోగ్రాఫర్‌ను పెట్టిన్రు. అయినా మనిషి ఊకోలేదు. అప్పగింతల టైంకి కెమెరా ఆయన చేతుల్లోకి వచ్చేసింది. చాలా మంచి ఫొటో తీసిండు. బిడ్డ ఏడుస్తున్నది, పిన్ని ఏడుస్తున్నది, అల్లుడు తల దించుకున్నడు. అందులో తండ్రి లేడు. ఆ ఫొటో చూసినప్పుడల్లా మా చెల్లె ఒకటే అంటది, నాయిన ఏడ్చిండో లేదో నాకు తెల్వదన్నా అని.

రిమోట్ ఎందుకు అని ఎవరన్నా అడిగితే నాకు ముందు ఆ ఫొటోనే గుర్తొస్తది.

ఆయన దగ్గర సెకండ్ హ్యాండ్ నికాన్ డీ90 ఉండేది. నేను చౌటుప్పల్‌లో బస్సెక్కి, ఎల్బీనగర్ మీదుగా కోఠి పోయిన. అక్కడ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలు వరుసగా ఉంటయ్. ఆర్డుయినో ఊనో బోర్డు, 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ, 150 ఓమ్‌ల రెసిస్టర్, పుష్ బటన్, 9 వోల్టుల బ్యాటరీకి క్లిప్పు తెచ్చుకున్న. ఇంటికొచ్చి ఎల్ఈడీ పొడుగు కాలును రెసిస్టర్ ద్వారా బోర్డు పిన్‌కు, పొట్టి కాలును గ్రౌండ్‌కు కలిపిన. రెసిస్టర్ ఎందుకంటే, అది లేకుంటే ఎల్ఈడీ ఎక్కువ కరెంట్ లాగుతది, బోర్డు పిన్ కాలిపోవచ్చు.

ఇగ లెక్క. 38 కిలోహెర్ట్జ్ అంటే ఒక మిణుకుకు దాదాపు 26 మైక్రోసెకన్లు. అంటే 13 మైక్రోసెకన్లు వెలగాలి, 13 ఆరాలి. 2 మిల్లీసెకన్ల గుంపు కావాలంటే ఇట్ల 76 సార్లు చేయాలి. 0.4 మిల్లీసెకన్లకు 15 సార్లు. ప్రోగ్రామ్ అంతా కలిపి ఒక పేజీ కూడా రాదు. ఎల్ఈడీ వెలుగుతుందా లేదా ఎట్ల తెలుస్తది? మొదట్లో మీతో చేయించిన ప్రయోగమే. ఫోన్ కెమెరా ముందు పెట్టి చూడండి.

కెమెరాలో కూడా కొన్ని సెట్టింగులు ఉంటయ్. డీ90లో రిలీజ్ మోడ్‌ను రిమోట్‌కు మార్చాలి. మార్చినంక కెమెరా ఒక నిమిషమే ఎదురుచూస్తది, తర్వాత ఆ మోడ్ వదిలేస్తది. మెనూలో ఆ టైంను 15 నిమిషాల దాకా పెంచుకోవచ్చు. ఇంకోటి, ఫోకస్ దొరకకపోతే కెమెరా క్లిక్ కాదు, మనమేమో రిమోట్ పాడైందనుకుంటం. అందుకని ముందే ఫోకస్ చేసి, లెన్స్‌ను మాన్యువల్‌కు మార్చి పెట్టుకోవాలి.

దీనికి హద్దులు కూడా ఉన్నయ్. ఇన్‌ఫ్రారెడ్ అంటే వెలుగే కదా, గోడ దాటదు. డీ90కి సెన్సర్ ముందు వైపు ఉంటది కాబట్టి కెమెరా ముందు నిలబడే నొక్కాలి. మన రోహిణి కార్తె ఎండలో దూరం బాగా తగ్గిపోతది. గోడ దాటాలన్నా, పొలంలో దూరం నుంచి పక్షి ఫొటో తీయాలన్నా రేడియో కావాలి. బోస్ గారు కలకత్తాలో వాడింది కూడా అసలు ఆ బాటే.

రేడియో పద్ధతి ఇంకా అలక, దీనికి ప్రోగ్రామ్ కూడా అక్కర్లేదు. కానన్ చిన్న డీఎస్ఎల్ఆర్ కెమెరాల పక్కన 2.5 మిల్లీమీటర్ల చిన్న జాక్ ఉంటది, పాత నోకియా ఫోన్ల హెడ్‌సెట్ పిన్ లాంటిది. ఆ పిన్‌కు మూడు భాగాలు. మొదట్లో ఉన్నది గ్రౌండ్, మధ్యలో ఉన్నది ఫోకస్, కొన మీద ఉన్నది షట్టర్. మధ్యదాన్ని గ్రౌండ్‌కు తాకిస్తే ఫోకస్ అయితది, కొనను గ్రౌండ్‌కు తాకిస్తే ఫొటో పడుతది. కోఠిలో 433 మెగాహెర్ట్జ్ రిమోట్, దాని రిసీవర్ బోర్డు జతగా దొరుకుతయ్. గేట్లకు, లైట్లకు వాడేవి. ఆ బోర్డు మీద రిలే ఉంటది. బటన్ నొక్కితే రిలే టక్కుమని రెండు వైర్లను కలుపుతది. ఆ రెండు వైర్లు కెమెరా పిన్‌కు వస్తే చాలు. ఒక్క జాగ్రత్త. రిలే కాంటాక్టులు ఉత్తగా కలపాలి గంతే. బ్యాటరీ కరెంట్ పొరపాటున కూడా కెమెరా జాక్‌లోకి పోవద్దు. ముందు మీటర్ పెట్టి వోల్టేజ్ లేదని చూసుకుని, అప్పుడే కెమెరాకు పెట్టండి. కెమెరా మీది కాకపోతే ఓనర్‌ను అడిగి చేయండి.

ఇంత చెప్తే కొందరు కామెంట్లలో రాస్తరు, ఎందుకన్నా ఈ తిప్పలు, ఆన్‌లైన్‌లో డూప్లికేట్ రిమోట్ చాయ్ సమోసా ఖర్చుకు వస్తది కదా అని. నిజమే. కొనుక్కోండి, తప్పేం లేదు. కానీ కొన్న రిమోట్ పనిచేయకుంటే మీరు దాన్ని పారేస్తరు. చేసుకున్నది పనిచేయకుంటే ఎక్కడ ఆగిందో మీకు తెలుస్తది. బ్యాటరీనా, ఎల్ఈడీనా, లెక్క తప్పిందా, ఎండ ఎక్కువైందా. ఆ తెలివి ఇంకో వస్తువుకు కూడా పనికొస్తది.

దీనికి నేను అమెరికా ఉదాహరణ చెప్పాల్సిన పని లేదు. మా పాత నల్గొండ జిల్లాలోనే, ఆలేరు మండలం శారాజీపేటలో చింతకింది మల్లేశం గారున్నరు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. అమ్మ లక్ష్మి ఆసు పోసేది. ఆసు అంటే తెల్వనోళ్ల కోసం చెప్తా. చిటికి కట్టే ముందు పోగును ఒక గుంజ నుంచి అటుపక్క గుంజల వరుస మీదికి చేత్తో తీసుకపోవాలి, తీసుకరావాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఊగాలి. భుజం ఏమైతదో ఆలోచించండి. అమ్మ ఇక నా వల్ల కాదంటే, 1992లో ఆయన యంత్రం మొదలుపెట్టిండు. అప్పులు, మాటలు, మధ్యలో హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ పని. 1999లో యంత్రం పూర్తయింది. దానికి అమ్మ పేరే పెట్టిండు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. తర్వాత వచ్చిన మోడళ్లలో ఎలక్ట్రానిక్ కంట్రోల్ కూడా చేర్చిండు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో మల్లేశం అనే సినిమా కూడా వచ్చింది.

కెమెరా రిమోట్‌కు, ఆసు యంత్రానికి ఏం సంబంధం అంటరా? రెండింట్లో అడిగిన ప్రశ్న ఒకటే. ఈ పని జరగాలంటే ఈ మనిషి చెయ్యి ఇక్కడే ఉండాలా? మల్లేశం గారు వాళ్ల అమ్మ భుజాన్ని చూసి ఆ ప్రశ్న అడిగిండు. ఆ చెయ్యికి విడుదల దొరికితే ఆ మనిషి బతుకు ఇంకో తీరుగా ఉంటదని ఆయనకు తెలుసు. చేతికి విడుదల అని నేను మొదట్లో అన్నది ఇదే. మన చుట్టూ పనిచేసేటోళ్ల చేతులను చూస్తే, చేయాల్సిన యంత్రాలు ఇంకెన్నో కనబడుతయ్.

ఇప్పుడు మీ ఫోన్ సంగతి. సెల్ఫీ స్టిక్ కొత్తదనుకుంటరు గానీ, జపాన్‌లో మినోల్టా కంపెనీలో పనిచేసే హిరోషి ఉయెదా 1980లలోనే కెమెరాకు పొడిగించే కర్ర ఒకటి చేసి పేటెంట్ తీసుకున్నడు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు మీ దగ్గర ఉండే బ్లూటూత్ రిమోట్ ఏం చేస్తదో తెలుసా? అది ఫోన్‌కు తాను ఒక చిన్న కీబోర్డు అని చెప్పుకుంటది. బటన్ నొక్కితే వాల్యూమ్ పెంచు అనే కీ పంపుతది. కెమెరా యాప్‌లో వాల్యూమ్ బటన్ అంటే షట్టర్. అంతే కథ. బ్లూటూత్ ఉన్న ఇయర్‌ఫోన్ ఉంటే దాని వాల్యూమ్ బటన్‌తో కూడా ట్రై చేయండి, చాలా ఫోన్లలో ఫొటో పడుతది. ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డుతో ఈ రిమోట్ కూడా ఇంట్లో చేసుకోవచ్చు. దాని మీద ఇంకో ఎపిసోడ్ చేద్దాం.

అయితే ఫోన్ వచ్చినంక కెమెరా వెనక మనిషి సమస్య తీరిపోయిందా? సెల్ఫీలో మనం ఉన్నం, కానీ చెయ్యి అందినంత దూరంలోనే ఉన్నం. మొత్తం కుటుంబం, ఇల్లు, వాకిలి, వెనక వేపచెట్టు, అన్నీ రావాలంటే ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని దూరం జరగాల్సిందే. మీ ఇంట్లో అట్ల ఎవరు జరుగుతరో చూడండి. చాలా ఇండ్లల్లో రోజూ ఒకే మనిషి జరుగుతరు. అక్కనో, నాయిననో, పెద్ద కొడుకో. మీ గ్యాలరీ తీసి, గత రెండు మూడేండ్ల పండుగ ఫొటోలు వెతకండి. ఎవరు తక్కువ కనబడుతరో లెక్కబెట్టండి.

డీ90 రిమోట్ సంగతి అడుగుతరని తెలుసు. మా చెల్లె సీమంతానికి దాన్ని బాబాయి లాల్చీ జేబులో పెట్టిన. ఆయన స్టాండ్ వేసి, ఫోకస్ చూసి, ఫ్రేమ్ సరిచేసి, నడిచొచ్చి బిడ్డ పక్కన నిలబడ్డడు. జేబులో చెయ్యి పెట్టుకుని నొక్కితే వెలుగు గుడ్డ దాటి పోలేదు, బయటికి తీసి నొక్కాల్సి వచ్చింది. అందుకని ఫొటోలో ఆయన ఒక చెయ్యి ముందుకు చాపి ఉంటది, అందులో చిన్న డబ్బా, దానికి నల్ల టేపు. మా చెల్లె దాన్నే ఫ్రేమ్ కట్టించుకున్నది.

సరే, ఈ రోజుకు ఇంతే. సంక్రాంతికో, దసరాకో అందరూ ఊరికి వస్తరు కదా, అంతలోపు మీరు కూడా ఒకటి చేయండి. ఆర్డుయినో కోడ్‌లో ఎక్కడన్నా ఆగితే, మీ కెమెరా మోడల్ పేరు రాసి కామెంట్‌లో అడగండి, నాకు తెలిసినంత చెప్తా. కానన్ జాక్ పద్ధతి చేసేటోళ్లు మీటర్ చెకింగ్ మర్చిపోవద్దు. మీ ఊర్లో ఇట్ల సొంతంగా ఏదన్నా చేసిన మనుషులుంటే వాళ్ల గురించి కూడా రాయండి. వీడియో పనికొచ్చిందనిపిస్తే, మీ ఇంట్లో ఎప్పుడూ ఫొటోలు తీసే ఆ మనిషికి పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.